చప్పుడు చెయ్యని చెక్క పళ్లెం

సబ్బుతో కడిగిన రెండు చేతుల్లో ఏది శుభమో ఏది అశుభమో ఏ పరికరంతో కొలుస్తారని మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా పెట్టే సభల్లో అడిగేవాణ్ణి. చప్పట్లు కొట్టేవారు. వేదిక మీద నిలబడి అడగడం ఎంత తేలికో మా అక్క వనపర్తిలోని మా ఇంటికి వచ్చాకే తెలిసింది.

అక్క గద్వాలలో పెళ్లయిన నాటి నుంచి మగ్గం నేసింది. పోయిన ఏడాది పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. దవాఖాన నుంచి నేరుగా మా ఇంటికే తెచ్చుకున్నాం. ఎడమచేత్తో పళ్లు తోముకోవడం, చెంచాతో అన్నం తినడం పట్టుదలగా నేర్చుకుంది.

ఒక ఆదివారం నాగర్‌కర్నూల్ నుంచి నా బావమరిది భోజనానికి వచ్చాడు. అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. అక్క ఎడమచేత్తో గరిటె పట్టుకుని వంకాయ కూర తను వేసుకుంది. పక్కనే ఉన్న అతనికీ వెయ్యబోయింది. అతను పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాలొదినె, కడుపు నిండింది."

అప్పటికి అతను ఒక్క ముద్ద కూడా తినలేదు. తర్వాత ఆ కూరను ఎవరూ ముట్టలేదు. నేను చెయ్యవలసింది ఒక్కటే, నా పళ్లెం ముందుకు జరిపి నాకు వెయ్యమనడం. కానీ "ఆగక్కా, నేను వడ్డిస్త" అంటూ ఆమె చేతిలోంచి గరిటె తీసుకున్నాను.

మర్నాటి నుంచి అక్క గదిలోనే తింటానంది. బల్ల దగ్గర కూర్చుంటే నడుం నొస్తోందట. తిండి సగానికి తగ్గింది. జాకెట్టు భుజం మీంచి జారిపోతుంటే ఎడమచేత్తో మాటిమాటికీ లాక్కునేది.

ఆమెను మళ్లీ మా మధ్య కూర్చోబెట్టాలి. ఒక ఉపాయం తట్టింది. బల్ల నడుమ గుండ్రంగా తిరిగే చెక్క పళ్లెం, దాని మీద గిన్నెలు. ఎవరికి కావలసింది వాళ్లు తమవైపు తిప్పుకుంటారు, ఎవరూ ఎవరికీ వడ్డించనక్కర్లేదు. అక్క కోసం ఒక పక్కన చిన్న గిన్నెల్లో విడిగా పెడతాం. అది తిరిగేటప్పుడు చప్పుడు రాకూడదు. వస్తే అందరి కళ్లూ ఆమె చేతి మీదికే పోతాయి.

పాన్‌గల్ రోడ్డులో వడ్రంగి దుకాణం ఉన్న సాయెబు నాకు పాత పరిచయం. చెప్పగానే నవ్వాడు.

"అన్నం తినే బల్ల మీద రంగులరాట్నమా సార్?"

"నవ్వు గానీ భాయ్, చప్పుడు మాత్రం రావొద్దు."

"సప్పుడు రాకుంట తిరిగేది భూమి ఒక్కటే సార్. అది గూడ మీరు జెప్తేనే నమ్మినం!"

పాత టేకు తలుపు పలకలు అతికించి, గుండ్రంగా కోసి, రందా పట్టి నునుపు చేశాడు. కింద ఒక పీట పెట్టి, రెంటి మధ్య సైకిల్ చక్రంలో వేసే ఉక్కు గుండ్లు అమర్చాడు. దుకాణంలోని బల్ల మీద పెట్టి తిప్పితే గరగరమంది. గ్రీజు పెట్టినా బల్ల మీద మోత తగ్గలేదు. అతను చెక్కకు చెవి ఆనించి విన్నాడు.

"గుండ్లు కాదు సార్. పీట బల్లకు తగిలి డప్పు లెక్క మోగుతుంది."

పాత గొంగడి ముక్క కోసి పీట అడుగున అంటించాం. ఈసారి తిప్పితే ఏమీ వినబడలేదు.

"ఎవరి కోసం సార్ గింత పరేషాన్?"

"మా అక్కకు. కుడిచెయ్యి పడిపోయింది."

అతను తన కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచేత్తో తిప్పి చూశాడు. వేళ్లు జారుతున్నాయని అంచు చుట్టూ సన్నని గాడి తీసి ఇచ్చాడు.

ఆ రోజు మధ్యాహ్నం బతిమాలితే అక్క బల్ల దగ్గరికి వచ్చింది. చెక్క పళ్లెం తిప్పింది. చప్పుడు లేదు. చిన్న గిన్నెలు తన ముందుకు వచ్చి ఆగాయి.

"ఇవెవరియి?"

"నీయే అక్కా."

"మరి గా పెద్దయి?"

"అందరియి."

అక్క నా ముఖంలోకి చూసింది. "హోటల్ల రెండు గ్లాసులు పెడుతుండ్రని ధర్నా జేస్తివి గదరా తమ్మీ. గిదేంది మరి? నాకు రెండో గ్లాసా?"

దళితులకు వేరే గ్లాసు పెట్టిన హోటల్ ముందు మేం ఎండలో కూర్చున్న రోజుల మాట అది. అప్పుడు ఇంటి నుంచి మాకు అన్నం మోసుకొచ్చింది అక్కే.

"అట్ల కాదొదినె, నీకు తీసుకునుడు అల్కగ, సులువుగ ఉంటదని..." అంది నా భార్య.

"అల్కగనే ఉంది. నా చెయ్యి కనవడకుంట జేసిండు. సప్పుడు గూడ రాకుంట జేసిండు. మంచి పనోడే నా తమ్ముడు."

నేను లేచి చిన్న గిన్నెలన్నీ తీసేశాను. నా పళ్లెం చేత్తో పట్టుకుని ఆమె ముందుకు చాచాను. "పప్పు నువ్వే వెయ్యి."

అక్క ఎడమచేత్తో గరిటె ఎత్తింది. అది నా వైపు వచ్చింది. నా పళ్లెం వెనక్కి జరిగింది, రెండు వేళ్ల మందం అంతే. జరపాలని నేను అనుకోలేదు. ఇన్నేళ్ల ఉపన్యాసాల్లో ఒక్క మాటైనా నా చేతికి చేరలేదు.

అక్క చూసింది. గరిటెను మళ్లీ గిన్నెలో పెట్టేసింది.

"తిను తమ్మీ, సల్లారుతది" అని, గోడ పట్టుకుని గదిలోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు రోజూ నా పళ్లెం తీసుకుని ఆమె గదికే వెళ్తున్నాను. వడ్డించమని అడుగుతాను. గిన్నె నా వైపు జరుపుతుంది. గరిటె మాత్రం ముట్టదు.