హస్తవాసి

మా అమ్మ ఏ డాక్టరునైనా మెచ్చుకోవాలంటే డిగ్రీల సంగతి ఎత్తేది కాదు. "ఆయన హస్తవాసి మంచిదే" అనేది, అంతే. నేను గుంటూరులో నర్సింగ్‌లో చేరిన రోజు నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "ప్రభువా, నా బిడ్డకి మంచి హస్తవాసి ఇవ్వు" అని ప్రార్థన చేసింది. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వను. ఆ మాట ఎవరి నోటైనా వింటే నా కుడి అరచెయ్యి చల్లబడిపోతుంది. దాన్ని కోటు జేబులో దాచేసుకుంటాను.

రెండువేల ఐదారు నాటి సంగతి. వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లో, ముసలివాళ్ళుండే ఒక రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌గా చేసేదాన్ని. ఇండియాలో పదకొండేళ్ళు సర్జికల్ వార్డు చూసిన మనిషిని, ఇక్కడ రిజిస్ట్రేషన్ రాలేదు కాబట్టి ఒక పారాసిటమాల్ బిళ్ళ ఇవ్వడానికి కూడా పనికిరానట. స్నానాలు చేయించడం, పక్కలు మార్చడం, టీ తాగించడం, ఇదే పని. ఇరవై రెండేళ్ళ నర్సు పిల్ల వచ్చి బీపీ ఎలా చూస్తారో నాకు చెబుతుంటే ఒళ్ళు మండిపోయేది. అయినా "యా, యా" అని తల ఊపేదాన్ని. ఓడలు బళ్ళవుతాయంటారు, నా ఓడ వీల్‌చెయిర్ అయింది.

ఆ బిల్డింగు మొత్తంలో నన్ను "నర్స్" అని పిలిచే మనిషి ఒక్కరే. వంటగదిలో పనిచేసే ఆంటీ. అరవైకి దగ్గర్లో ఉంటారు, పొట్టి మనిషి, గుండ్రటి మొహం. మలేషియా వైపు బోర్నియో దీవిలో, సారవాక్ అనే చోట ఒక నది ఒడ్డున పుట్టారు. ఇబాన్ అనే జాతి వాళ్ళది. పాతిక ముప్ఫై కుటుంబాలు ఒకే కప్పు కింద వరసగా గదులు కట్టుకుని, ఒకటే పొడుగాటి వసారా పంచుకుని బతుకుతారట. నేను సింకు దగ్గర కప్పులు పెడుతుంటే, "నర్స్, ఏమైనా తిన్నావా?" అని అడిగేవారు. నా బ్యాడ్జి మీద ఏం రాసుందో ఆవిడకి చదవడం రాక కాదు. అయినా నర్స్ అనే అనేవారు. ఆ ఒక్క పిలుపు కోసం ఆవిడ ఏం చెయ్యమన్నా చేసేదాన్ని.

శనివారం క్లాసుకి నన్ను లాక్కెళ్ళింది ఆవిడే. అప్పట్లో లోవర్ హట్‌లో నాలుగైదు ఇబాన్ కుటుంబాలుండేవి. సారవాక్‌లో చాలా ఏళ్ళు టీచరుగా చేసి తిరిగొచ్చిన ఒక తెల్ల పెద్దావిడ వాళ్ళకి స్వస్థత పరిచర్య నేర్పుతున్నారు, అంటే జబ్బుపడ్డవాళ్ళ మీద చేతులుంచి ఎలా ప్రార్థన చెయ్యాలో. మొత్తం పది శనివారాలు, ఒక చర్చి వెనక హాల్లో. ఇక్కడ నేర్చుకుని, ఊరెళ్ళినప్పుడు అక్కడి చర్చివాళ్ళకి నేర్పాలని అందరి ఆశ. ఆంటీకి మరీ ఎక్కువ. వచ్చే జూన్‌లో పంట పండగకి వెళ్ళాలి, మంచాన పడ్డ అక్క మీద తన చెయ్యి పెట్టాలి. ఆవిడకి అదొక్కటే జపం.

మొదటి శనివారం "ఒక ప్లేటు తీసుకురండి" అని చెప్పి పంపారు. పాపం చర్చిలో ప్లేట్లు తక్కువున్నాయి కాబోలని ఖాళీ ప్లేటు పట్టుకుని తగుదునమ్మా అని వెళ్ళాను. ఈ దేశంలో ప్లేటంటే తిండి అని నాకెవడు చెప్పాడు! ఆంటీ పడీ పడీ నవ్వి, తను తెచ్చిన కేకు సగం కోసి నా ప్లేటులో సర్ది బల్ల మీద పెట్టారు. రెండో శనివారం పరువు నిలబెట్టుకుందామని చింతపండు పులిహోర కలిపి తీసుకెళ్ళాను. ఆంటీ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "న్యామై" అన్నారు. వాళ్ళ భాషలో తిండి రుచిగా ఉన్నా న్యామై, ఒంట్లో హాయిగా ఉన్నా న్యామైయేనట. మళ్ళీ పెట్టించుకున్నారు. వాళ్ళాయనకి, అదే అంకుల్‌కి, కూడా ఒక డబ్బాలో వేయించుకున్నారు. నేను ఇంటికొచ్చి గిన్నె అడుగున మిగిలింది నోట్లో పెట్టుకున్నాను కదా, ఉప్పు లేదు! ఒక్క రవ్వ లేదు. మా ఆయన నవ్వలేక చచ్చాడు. "పాపం, ఎంత మంచివాళ్ళో" అనుకుని ఊరుకున్నాను. అక్కడే ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల్సింది.

ఆ హాల్లో చలి ఎముకలు కొరికేది. ఆయిల్ హీటర్ చుట్టూ కుర్చీలు వేసుకుని ఇద్దరిద్దరుగా కూర్చుని, ఒకరి మీద ఒకరం ప్రార్థన అభ్యాసం చేసేవాళ్ళం. పెద్దావిడ పద్ధతి సూటిగా ఉండేది. "ముందు అడగండి. ఎక్కడ బాధో వాళ్ళనే చెప్పనివ్వండి. చెయ్యి తేలిగ్గా ఆనించండి, నొక్కకండి, మీరు పరీక్ష చెయ్యడం లేదు. అయ్యాక మళ్ళీ అడగండి. డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దని మాత్రం ఎవరికీ చెప్పకండి." ఈ మాటలు ప్రతివారం చెప్పారు. కాబట్టి ఆవిడ మీద నెట్టేసి నేను తప్పుకోవడానికి లేదు.

మూడో శనివారం ఆంటీ, నేను జతగా కూర్చున్నాం. తిన్న తర్వాత కుడి డొక్క కింద పట్టేస్తోందన్నారు. గ్యాసే అనుకున్నాను. చెయ్యి ఆనించి తెలుగులోనే ప్రార్థన చేశాను, దేవుడికి తెలుగు రాదా ఏంటి. అయ్యాక, "ఇప్పుడెలా ఉందాంటీ? తగ్గిందా?" అని అడిగాను.

"న్యామై, నర్స్" అన్నారు. "చాలా న్యామై."

అబ్బ, నా సంబరం చూడాలి! బిళ్ళ ఇవ్వడానికి పనికిరాని చేతులకి దేవుడు పని చూపించాడని ఇంటికొచ్చి మా ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పాను. "ఇంక రిజిస్ట్రేషన్ దేనికే, ఇంటి ముందు బోర్డు పెట్టేద్దాం" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే, అంతకంటే ఎక్కువ ఆశ కూడా వచ్చింది. నాలుగో వారం తగ్గింది. ఐదో వారం కూడా తగ్గింది. ప్రతివారం తగ్గే నొప్పి మళ్ళీ వారానికి ఎక్కణ్ణించి వస్తోందని అడగాల్సింది నేనే. అడగలేదు.

ఆ ఐదో వారమే టీ దగ్గర ఆంటీ వాళ్ళ నాన్న సంగతి చెప్పారు. "మా నాన్న ప్రభువును నమ్ముకోకముందు మా ఇళ్ళవరస మొత్తానికీ వైద్యుడు. మనిషి ఒళ్ళంతా చేత్తో తడిమి వెతికేవాడు. తగిలితే, ఇదిగో ఇక్కడుంది అని చెప్పేవాడు. తగలకపోతే, ఏం లేదు, పోయి అన్నం తిను అనేవాడు." నేను వెంటనే మా అమ్మ మాట ఎత్తుకుని హస్తవాసి అంటే ఏంటో వచ్చీరాని ఇంగ్లీషులో వివరించాను. ఆంటీ నా కుడిచెయ్యి తీసుకుని బోర్లించి, వెల్లకిలా తిప్పి చూశారు. "నీది మంచి చెయ్యి, నర్స్. చదువుకున్న చెయ్యి" అన్నారు. ఆ మెప్పుకి పొంగిపోయి ఇంకో రెండు బిస్కెట్లు తిన్నాను.

ఆరో శనివారం వాన. ఆంటీ ఆ రోజు స్వెట్టర్ విప్పి పల్చటి చొక్కాతో కూర్చున్నారు. చెయ్యి ఆనించాను. నొక్కొద్దన్నారు, నాకు తెలుసు. కానీ పదకొండేళ్ళ అలవాటు, ఆవిడ ఊపిరి పీల్చినప్పుడు నా వేళ్ళు వాటంతటవే కాస్త లోపలికి దిగాయి. పక్కటెముకల కింద గట్టిగా ఒక అంచు వచ్చి వేళ్ళకి తగిలింది. దాని మీద ఎగుడుదిగుడుగా ఉంది. అది గ్యాస్ కాదు. ఊపిరి వదిలితే వెనక్కి పోయింది, మళ్ళీ పీలిస్తే మళ్ళీ వచ్చి తగిలింది. రెండుసార్లు. నా ప్రార్థన నోట్లోనే ఆగిపోయింది.

అదేంటో నాకు తెలుసు, లివర్‌లో గడ్డ. చూచాయగా కాదు, బాగా తెలుసు. పరీక్ష చెయ్యొద్దన్నారు కదా అనుకున్నాను. నేను ఇక్కడ నర్సుని కాదు కదా అనుకున్నాను. తప్పయితే నవ్వులపాలవుతానని భయం. ఒప్పయితే, ఇన్ని వారాలు తగ్గిందన్నదంతా అబద్ధమని, నా చేతిలో ఏ వరమూ లేదని ఒప్పుకోవాలి. అదే అసలు భయం. కళ్ళు తెరిస్తే ఆంటీ నా మొహంలోకే చూస్తున్నారు.

"ఏంటి, నర్స్?"

"ఏం లేదాంటీ. తగ్గిందా?"

"న్యామై" అన్నారు.

ఏడో వారం నుంచి చెయ్యి ఆవిడ భుజం మీద పెట్టి ప్రార్థన చేశాను. గొంతు మాత్రం పెంచాను. వంటగదిలో ఆవిడ ఏప్రన్ తాళ్ళు నడుముకి రెండు చుట్లు వస్తున్నాయి. చూసి తల తిప్పుకునేదాన్ని. ఇంట్లో మా ఆయన "ఏంటలా ఉన్నావ్?" అంటే "చలి" అన్నాను. కోర్సు అయిపోయింది, అందరికీ కాగితాలిచ్చారు, ఫోటో దిగాం. మూడు వారాల తర్వాత ఆంటీ వంటగది నేల మీద కూలిపోయారు. హాస్పిటల్‌కి నేను వెళ్ళేసరికి కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. అప్పటికి డాక్టర్లు చెయ్యగలిగింది ఏమీ లేదు. నొప్పి ఎలా ఉందని అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది. నా చెయ్యి పట్టుకుని ఆవిడే చెప్పారు, అడక్కుండానే, అదే మాట. పంట పండగ రాకముందే పోయారు.

మరుసటేడు నాకు రిజిస్ట్రేషన్ వచ్చింది. అందరూ నర్స్ అనే పిలుస్తున్నారు, పిలిచిన ప్రతిసారీ ఆవిడ గొంతే వినిపిస్తుంది. ఏ పేషెంట్ పొట్ట మీద చెయ్యి వేసినా వేళ్ళు ముందు ఆ అంచు కోసమే వెతుకుతాయి. చపాతీ పిండిలో తడవని ఉండ తగిలితే చెయ్యి లాగేసుకుంటాను. తగ్గిందా అన్న మాట నా నోట రాదు. పిల్లలు జ్వరంతో పడుకున్నా ఆ మాట అడగలేను.

వీటన్నిటికంటే నన్ను పట్టుకుని వదలనిది అంత్యక్రియల రోజు. సమాధి దగ్గర్నుంచి వచ్చాక అదే హాల్లో టీ పెట్టారు. పులిహోర మా వైపు శుభకార్యాల వంట, చావుకి ఎవరూ చెయ్యరు. కానీ అంకుల్ ఫోన్ చేసి, "ఆ పచ్చ అన్నం తెస్తావా, ఆవిడకి ఇష్టం" అని అడిగితే కాదనలేకపోయాను. ఉప్పు రెండుసార్లు చూసుకున్నాను. అంకుల్ మాటలు తక్కువ మనిషి. పది శనివారాలూ ఆవిడని వ్యానులో దింపి, క్లాసు అయ్యేదాకా బయటే కూర్చునేవాడు, లోపలికొచ్చేవాడు కాదు. ఆ రోజు ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుని, ఒక చెంచా తిన్నాడు.

"ఈసారి ఉప్పుంది" అన్నాడు.

"ఆంటీ చెప్పారా?"

"ఇంటికొచ్చి అన్నీ చెప్పేది నాకు. ఉప్పు లేదని చెప్పింది. నొప్పి తగ్గలేదని కూడా చెప్పింది, ప్రతివారం."

"మరి డాక్టర్ దగ్గరికి..."

"పద అన్నాను, ఎన్నోసార్లు. నర్స్ చెయ్యి పెడుతోంది కదా, ఉంటే నర్స్ చేతికి తగలదా అనేది. తర్వాత నువ్వు చెయ్యి పొట్ట మీంచి తీసేసి భుజం మీద పెట్టావటగా. చూశావా, అక్కడేం లేదు, అందుకే తీసేసింది అని ఎంత సంతోషపడిందో. ఆ రోజు కడుపునిండా అన్నం తింది."

అవతల ఎవరో కప్పులు కడుగుతున్నారు. అంకుల్ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని నా కుడిచేతి వైపు చూశాడు.

"నర్స్, ఒక్క మాట. నీ చేతికేమైనా తగిలిందా?"

చెప్పెయ్యాలి. ఇప్పుడైనా చెప్పెయ్యాలి. నోరు తెరిచాను.

"లేదంకుల్" అన్నాను. "ఏమీ తగల్లేదు."

ఆయన చాలాసేపు తల ఊపాడు. ప్లేటులో అన్నం ఆ ఒక్క చెంచా తప్ప అలాగే ఉంది. దాన్ని తీసి పక్క కుర్చీలో పెట్టి, నా చేతి మీద తన చెయ్యి వేసి, "న్యామై" అన్నాడు.