బళ్లో మొలిచిన తీజ్

హబ్సిగూడ మెట్రో స్టేషన్ దిగి ఇంటికి నడిచే దారిలో ఈమధ్య ఒక జ్యూస్ షాపు వెలిసింది. గాజు తలుపు వెనక వరసగా ప్లాస్టిక్ ట్రేలు, వాటి నిండా బెత్తెడు ఎత్తు గోధుమ మొలకలు. పొద్దున్నే వాకింగ్ చేసొచ్చే వాళ్లకు ఆ గడ్డిని కత్తెరతో కోసి, రసం తీసి చిన్న గ్లాసులో పోసి ఇస్తారు. ఒంటికి మంచిదట. మొన్న ఆ తలుపు తెరిచేసరికి తడిమట్టి, పచ్చిగోధుమ కలిసిన వాసన గుప్పుమని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. షాపాయన గాభరాపడి "ఏమైంది మేడం?" అన్నాడు. "ఏం లేదన్నా, మా పండుగ యాదికొచ్చింది" అన్నాను. గడ్డికి పండుగేమిటా అన్నట్టు అతను నా వంక వింతగా చూశాడు.

మేం లంబాడీలం. శ్రావణమాసంలో, ముసురు పట్టి తండా అంతా పచ్చగా ఉన్న రోజుల్లో, పెళ్లికాని ఆడపిల్లలు చేసుకునే తీజ్ మా పండుగలన్నింటిలోకీ పెద్దది. పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి చిన్న చిన్న బుట్టల్లో నింపి, నానబెట్టిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పూటపూటా పాటలు పాడుతూ నీళ్లు పోసి పెంచుతాం. ఆ తొమ్మిది రోజులూ ఉప్పూ కారం లేని చప్పిడి తిండి. నానిన శనగల్ని రేగుముళ్లకు గుచ్చుతుంటే బావ వరసైన మగపిల్లలు కొమ్మ పట్టి ఊపి గుచ్చనివ్వరు, అప్పుడు మా నోళ్ల నుంచి వచ్చే తిట్లు మామూలు రోజుల్లోనైతే వీపు విమానం మోగించేవి. చివరిరోజు రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసే చుర్మో ముద్దల కోసం తెల్లారకముందే లేచి కూర్చునేదాన్ని.

అయితే మేం ఉండేది తండాలో కాదు, నాచారంలో, పండుగకు మాత్రం తండాకు పోయేవాళ్లం. నాకు నడక వచ్చిన కొత్తలోనే మావాళ్లు దేవరకొండ వైపు నుంచి పనికోసం ఇటు వచ్చేశారు. నాన్న పారిశ్రామికవాడలో లారీలకు సరుకెత్తే హమాలీ. అమ్మ, మా భాషలో యాడి, మసాలా పొట్లాలు కట్టే షెడ్డులో పని. రేకుల కప్పుతో ఒకదానికొకటి అతుక్కున్న గదుల వరసలో మాదొక గది. గాలి ఒకవైపు నుంచి వీస్తే బిస్కెట్ల వాసన, ఇంకోవైపు నుంచి వీస్తే ముక్కు మూసుకునేంత రసాయనాల కంపు, సాయంత్రం యాడి ఇంటికొస్తే ధనియాలూ లవంగాలూ. వాన పడితే గల్లీలో నిలిచిన నీళ్లలో చెప్పులు వదిలి పందాలు కాసేవాళ్లం. ఆ గల్లీలో నా నోటికి అడ్డే ఉండేది కాదు.

బడి గేటు దాటితే మాత్రం నోరు పడిపోయేది. ఇంట్లో, గల్లీలో మాట్లాడేది లంబాడీ, బళ్లో అంతా తెలుగు. సగం అర్థమయ్యేది, అర్థమైన సగానికి జవాబు మా భాషలో తన్నుకొచ్చేది, అది పైకి అంటే పిల్లలు నవ్వుతారని మింగేసేదాన్ని. అట్లా మింగీ మింగీ రెండు తరగతులు గడిచిపోయాయి. ఆ రెండు తరగతులకూ చెప్పిన సారు నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టి, మొద్దు అని తేల్చేశారు. పాపం ఆయన చెడ్డవాడేం కాదు, ఆ బెంచీలో ఉన్నవాళ్లందరూ వేరే భాష పిల్లలేనని ఆయనకు తట్టలేదంతే.

మూడో తరగతి మొదట్లో నాన్న కూడా తేల్చేశాడు. తీజ్‌కు తండాకు తీసుకుపోతే మళ్లీ తీసుకురానవసరం లేదనీ, అమ్మమ్మ దగ్గరే ఉండి మేకల్ని చూసుకుంటుందనీ. చదువు రాని పిల్లకు బడెందుకు అన్నది ఆయన లెక్క. మేకలంటే నాకు ఇష్టమే. కానీ యాడిని వదిలి ఉండాలంటే ఏడుపొచ్చేది. దానికి తోడు అప్పుడప్పుడే బడి కూడా ఇష్టమవుతోంది, ఎందుకంటే ఆ ఏడే వరలక్ష్మి టీచర్ వచ్చింది.

టీచర్‌ది గోదావరి జిల్లా. భర్త హబ్సిగూడలో ఏదో పరిశోధన సంస్థలో ఉద్యోగి, ఇల్లు రామంతాపూర్. షేర్ ఆటోలో వచ్చేది, గొడుగు ఎప్పుడూ ఆటోలోనే మరచిపోయేది. "ఏవర్రా, అలా చూస్తారేంటి?" అని ఆవిడ సాగదీస్తే క్లాసంతా కిసకిసలాడేది. ఆవిడకు కోపం రాలేదు సరికదా, తనూ నవ్వింది. "నేనీ ఊరొచ్చిన కొత్తలో కూరగాయల బండి దగ్గర నోరు విప్పితే చాలు, బండాయన నవ్వేవాడు. నెల్లాళ్లు వేలితో చూపించి కొనుక్కున్నాను తెలుసా?" అంది. పెద్దవాళ్లకు కూడా నోరు పడిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను.

ఆవిడ చేసిన మొదటి పని నన్ను చివరి బెంచీ నుంచి లేపి షబానా పక్కన కూర్చోబెట్టడం. షబానా ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, రెండూ గడగడా మాట్లాడేది. మా ఏక్, తీన్, చార్ ఆ పిల్లకు తెలుసు, మా పాణి ఆ పిల్లకూ పాణీయే. టీచర్ తెలుగులో చెప్పింది షబానా తన మాటల్లో గుసగుసలాడితే నాకు అందేది. క్లాసులో గుసగుసలాడినందుకు దెబ్బలు తిన్న పిల్లల్ని చూశాను గానీ, గుసగుసలాడమని చెప్పిన టీచర్‌ని ఆవిణ్నే చూశాను. వింటున్నాను, అర్థమవుతోంది, కానీ ఇంకా మాట పెగల్లేదు.

ఒక సాయంత్రం టీచర్ మా గదికే వచ్చింది. యాడి కంగారుగా కొంగుతో మంచం దులిపి కూర్చోబెట్టి, ఉన్నమాట చెప్పేసింది. "పండుగకు ఊరికి దీస్కపోతం టీచరమ్మా, మల్లా రాదు. సదువు దీనికి ఎక్కుతలేదని వాళ్ల నాయిన అన్నడు."

"ఆ పండగేదో ఇక్కడే చేసుకోకూడదా?" అంది టీచర్.

"ఈడ యాడ జేస్తం? మట్టి వోస్తే ఓనరు కొట్లాడ్తడు. పాటలు వాడితే పక్కోళ్లు లేస్తరు."

"మా బడికి ఓనరు లేడుగా" అంది టీచర్.

హెడ్మాస్టరు మాత్రం ఊరుకోలేదు. "గవర్నమెంటు బళ్లె పండుగలేంది టీచర్?" అన్నారు. "పండగ కాదు సార్, విత్తనాలు మొలకెత్తడం. సైన్సు పాఠం" అంది ఆవిడ, ఏమీ ఎరగని మొహం పెట్టి. యాడి నాన్నను ఒప్పించింది. పండుగ అయ్యేదాకా ఉండి, ఆ మర్నాడు తండాకు పోవాలన్నది ఒప్పందం. టీచర్‌కు దొరికింది ఆ తొమ్మిది రోజులే.

మొదటిరోజు యాడి పని మానుకుని బడికి వచ్చింది. టీచర్ తన కుర్చీ ఖాళీ చేసి యాడిని అందులో కూర్చోబెట్టి, తను మా బెంచీ చివర ఇరుక్కుని కూర్చుంది. "విత్తడం ఎలాగో మీ భాషలోనే చెప్పమ్మా, మాకు మీ అమ్మాయి చెబుతుంది" అంది. యాడి మొదలుపెట్టింది. మన్ను ఎట్లా జల్లించాలో, గోధుమలు ఎంతసేపు నానాలో, నీళ్లు ఎక్కువైతే ఎట్లా కుళ్లిపోతాయో. క్లాసంతా నా వైపు తిరిగింది. షబానాకు కూడా ఈసారి సగమే అర్థమైంది. అక్కడ కుర్చీలో మా యాడి కష్టపడి చెబుతోంది, ఒక్కరికీ తెలియడం లేదు, నేను నోరు తెరవకపోతే ఆమె మాట అక్కడే నేలపాలవుతుంది. నాకు భయం కంటే ఉక్రోషం ముందొచ్చింది. లేచి నిలబడి, నాకొచ్చిన తెలుగులో, మధ్యమధ్య చేతులతో చూపిస్తూ మొత్తం చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. "గోధుమలు నానబెట్టకుంటే మొలవయా?" అని వెనక నుంచి ఎవరో అడిగితే, "మొలుస్తయి, లేటయితది" అని యాడిని అడగకుండానే జవాబు కూడా ఇచ్చాను.

టీచర్ నా మాటల్ని ఒక్కటి కూడా దిద్దకుండా, అన్నవి అన్నట్టు బోర్డు మీద రాసింది. మర్నాటి నుంచి అదే మా పాఠం. అందులో ప్రతి మాటా నా నోట్లోంచి వచ్చిందే కాబట్టి, రెండేళ్లుగా చీమల్లా పాకిన అక్షరాలు ఒక్కసారిగా కుదురుగా నిలబడ్డాయి. ఖాళీ డబ్బాల్లో మొలకలు లేచాయి. ఒక డబ్బా అలమారాలో చీకట్లో పెట్టి, ఒకదానికి నీళ్లు పోయకుండా ఉంచి, ఏది ఎట్లా ఉందో రోజూ నన్నే చెప్పమనేది. చెప్పింది బోర్డెక్కేది. బడి వదిలాక యాడి, మా గల్లీ ఆడవాళ్లు వచ్చి వరండాలో పాడేవారు, మా ఆడపిల్లలతో పాటు షబానా కూడా చేతులు కలిపి గుండ్రంగా తిరిగేది. సైన్సు పాఠానికి పాటలెందుకని హెడ్మాస్టరు అడగలేదు. చివరికి ఆయన కూడా వరండా స్తంభానికి ఆనుకుని వింటూ నిలబడ్డారు.

ఆఖరిరోజు నాన్న పనిబట్టలతోనే వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. నేను బోర్డు ముందు నిలబడి చదువుతున్నాను. నాన్నకు అక్షరం రాదు, కానీ విన్నది మాత్రం మా తండా ముచ్చటే.

"ఇదెవలు రాసిన్రు టీచరమ్మా?" అన్నాడు.

"రాసింది నేను. మాటలన్నీ మీ అమ్మాయివే" అంది టీచర్.

నాన్న లోపలికి వచ్చాడు. "మల్లొక్కసారి సదువు బిడ్డా" అన్నాడు. నేను మళ్లీ చదివాను. ఆనవాయితీ ప్రకారం గుప్పెడు మొలకలు తెంచి ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలలో చెక్కాను. ఆయన ఆ మొలకల్ని వేళ్లతో తడిమి చూసుకున్నాడు. తర్వాత యాడి వైపు తిరిగి, మా భాషలో, మేకలకు ఇంకెవరినైనా చూసుకోమని అమ్మమ్మకు కబురు పెట్టు అన్నాడు.

ఆ గదుల వరస ఇప్పుడు లేదు, దాని చోట ఐదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. బిస్కెట్ల వాసన పోయింది. మా బడి మూడంతస్తులై, ఇంగ్లీషు మీడియం అయింది. ఒరియా, బిహారీ పిల్లలు వస్తున్నారట, వాళ్ల పక్కన గుసగుసలాడమని ఎవరు కూర్చోబెడుతున్నారో నాకు తెలియదు. నేను చదువుకున్నాను, ఉప్పల్‌లో బ్యాంకులో పనిచేస్తున్నాను. నాన్న పోయాడు, తర్వాత యాడీ పోయింది. మా ఆయనది వేరే భాష, ఇంట్లో అందరం తెలుగు, లేదంటే ఇంగ్లీషు.

టీచర్ ఇంకా రామంతాపూర్‌లోనే ఉంది. ఆ పండుగ తర్వాత ప్రతి ఆదివారం యాడి దగ్గర కూర్చుని మా భాష నేర్చుకుని, ఆ తర్వాత వచ్చిన ఎంతమంది పిల్లల్నో ఆ భాషతోనే దారికి తెచ్చింది. పోయిన ఆదివారం మా పాపను వెంటబెట్టుకుని వెళితే, గుమ్మంలోనే, గోదావరి సాగదీతతో, తిన్నావా అని మా భాషలో అడిగింది. ఈ నగరంలో నన్నట్లా అడిగే మనిషి ఇప్పుడు ఆవిడ ఒక్కతే.

"అమ్మా, టీచరమ్మమ్మ ఏ లాంగ్వేజ్ మాట్లాడుతుంది?" అంది మా పాప.

టీచర్ నా వంక చూసింది. "దీనికి రాదా?" అంది. తల అడ్డంగా ఊపాను. "మరి నేను పోయాక ఈ మాటలు ఎవరితో మాట్లాడతావే?" అంది నెమ్మదిగా. ఆవిడ మా పాపను పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను వేలితో చూపించి "యాడి" అంది. పాప ఆవిడ పెదాల వంకే చూస్తూ, ఆ సాగదీతతో సహా, "యాడీ" అంది.