పెయ్యి లేనోడు చేప తింటడా?

మా సండే స్కూల్ టీచరమ్మ చనిపోయారని మొన్న పొద్దున మా ఊరు గట్టు నుంచి ఫోన్ వచ్చింది. గద్వాలలో బస్సెక్కి కూర్చున్నానే గానీ ఏడుపు రాలేదు. చెవుల్లో ఆమె గొంతే మోగుతోంది: "ఇగో పిల్లగాండ్లూ, జర ఇనుండ్రి! దేవుడు మనిషైండు!" ప్రతి క్రిస్మస్‌కూ ఆ మాటను అప్పుడే ఊళ్లోకి వచ్చిన కబురులా చెప్పేవారు. వారమంతా పత్తి చేలల్లో కూలి చేసే మనిషి, ఆదివారం ఇస్త్రీ చీర కట్టుకుని చర్చికి పరుగున వచ్చేవారు. ఆ తొందరలో ఒక్కోసారి చెప్పుల జత కూడా మారిపోయేది.

నేను ఆమె క్లాసులో చేరిన ఏడాదే మా అమ్మ పోయింది. అమ్మ ఆత్మ దేవుని దగ్గరికి వెళ్లిందని పెద్దలు ఓదార్చారు. నాకు భయం పట్టుకుంది. ఆత్మంటే గాలి అనుకునేదాన్ని, గాలి నా జడ ఎట్లా అల్లుతుంది? ఆ క్రిస్మస్ నాటకం అయ్యాక, రాజుల వేషం వేసిన పిల్లలు కిరీటాలు తీసి మూలన పడేస్తుంటే టీచరమ్మ కొంగు పట్టుకుని అడిగాను.

"టీచరమ్మా, యేసయ్య గూడ పైకి పోయినంక వేషం ఇప్పేసిండా?"

ఆమె అక్కడే నేల మీద చతికిలబడ్డారు. సంతోషంతో కళ్లు మెరిసిపోతున్నాయి.

"వేషం గాదే పిల్లా, పెయ్యి! వేషమైతే ఇప్పుతరు. ఆయన పుట్టిండు గద, పుట్టినోడు ఎట్ల ఇప్పుతడు? గా పెయ్యితోనే లేసిండు, గా పెయ్యితోనే పైకి పోయిండు. చేతుల మేకుల గాయాలు ఇయ్యాల్టికి గట్లనే ఉన్నయి!"

"మరి మా అమ్మ?"

"మీ అమ్మ గూడ ఒకనాడు పెయ్యితోనే లేస్తది. నీ జడ అల్లుతది, చూస్తుండు!"

పెయ్యి అంటే మా వైపు ఒళ్లు. ప్రసంగాల్లో 'శరీరధారి' అని ఎంత విన్నా నాకు తలకెక్కలేదు. జ్వరమొస్తే అమ్మ తాకి చూసే పెయ్యి అనేసరికి ఒక్కసారిగా ఎక్కేసింది. ఇంటిదాకా గంతులేస్తూ పోయాను.

ఆ మరుసటి ఈస్టర్ నుంచి ఆమె కొత్త పద్ధతి పెట్టారు. ఆరాధన కాగానే చర్చి వెనక నిప్పుల మీద జూరాల డ్యామ్ చేపలు కాల్చడం. తిరిగి లేచిన యేసు శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడు కదా, అందుకని. ముళ్లు తీసి ఒక్కొక్కరి నోట్లో పెడుతూ, "పెయ్యి లేనోడు చేప తింటడా? తినుండ్రి!" అని అరిచేవారు. పాస్టరుగారు తెల్లంగీకి మసి అంటకుండా దూరంగా నిలబడేవారు గానీ, అందరికంటే ఎక్కువ తినేది ఆయనే.

నేను చేరేసరికి ఆడవాళ్లు ఆమెకు స్నానం చేయించి చీర కట్టారు. నెరిసిన జుట్టు ఇంకా చిక్కుపడే ఉంది. దువ్వెన నేను తీసుకున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. ఏడుస్తూనే నూనె రాసి, చిక్కు తీసి, అల్లడం మొదలుపెట్టాను.

"మట్టిల వెట్టేదానికి గింత గట్టిగ ఎందుకే?" అన్నది ఆమె కోడలు.

"లేసేటప్పుడు ఊడొద్దు గద, అక్కా."

ఆ అక్క లేచింది. లోపలికి వెళ్లి తన కూతురి ఎర్ర రిబ్బన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. జడ చివర దాన్ని పువ్వులా ముడి వేశాను.