నంబర్ల కోసం తిరిగిన అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. పోయిన నెల ఒక పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, "జెరసేపు ఒరుగుత" అని గోడకు ఆనుకుంది. మళ్ళీ లేవలేదు. మా ఆయన తన పెద్ద ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చుట్టాల నంబర్లన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. ఆమె మనుషుల నంబర్లు మాత్రం ఆమె దిండు కింది బటన్ల ఫోనులో ఉన్నాయి. దాన్ని తీసి నేనే ఒక్కొక్కరికీ చేశాను.

ఆ ఫోను సంగతి చెప్పకుండా ఆమె సంగతి చెప్పడం నాకు చేతకాదు.

అత్తమ్మ సర్కారు ప్రసూతి దవాఖానలో ఆయాగా పనిచేసి రిటైరైంది. దవాఖాన ఆమెను వదిలింది గానీ ఆమె దవాఖానను వదల్లేదు. ధూల్‌పేట్‌లో మా గల్లీలో ఎవరికి నొప్పులు మొదలైనా ముందు మా తలుపే కొట్టేవాళ్ళు. ఆమె మంచం మీదనే కూర్చుని ఫోను తీసేది. ఆటో అన్న వచ్చేవాడు. వార్డులో ఉన్న ఆయాలు మంచం చూసిపెట్టేవాళ్ళు. రక్తం కావాలంటే ఇచ్చేవాళ్ళు బయల్దేరేవాళ్ళు. మా ఆయనకు నేను పది పనులు చెబితే ఒకటి అయ్యేది. ఆమెకు ఒక్క ఫోనుతో పని అయ్యేది. నాకు కుళ్ళుగా ఉండేది, దాచడం ఎందుకు?

మొదట్లో ఆమెకు పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప తెలియవు. నంబరు వెతకాలంటే ఫోను ఎవరి చేతికో ఇచ్చేది. అది ఆమెకు నచ్చేది కాదు. ఒకరోజు నా ముందు కూర్చుని, "నేర్పు" అంది. వార్డు బోర్డులు చూసి చూసి ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టేది కాబట్టి పని సులువే అనుకున్నాను. ఒకే బటన్ మీద మూడు అక్షరాలు ఉంటాయని, వెంటవెంటనే నొక్కాలని చెప్పాను. ఆమె నిదానంగా నొక్కేది. ఒక అక్షరం కావాల్సిన చోట మూడు పడేవి. ఫోనును తిట్టేది, నన్ను తిట్టేది, మళ్ళీ మొదలుపెట్టేది.

"రేపు చూద్దాం అత్తమ్మా" అంటే, "రేపు గూడ గివే బటన్లుంటయి. ఇయ్యాల్నే చూస్త" అనేది.

నేర్చుకుంది. దాచుకోవడం మొదలుపెట్టింది. దాచేటప్పుడు ఫోనులోనా, సిమ్ములోనా అని ఆ ఫోను అడుగుతుంది. పైన ఉన్నది నొక్కాలన్నది ఆమె లెక్క. పైన ఉన్నది ఫోను. నంబర్లన్నీ అందులోకే పోయాయి.

ఒక వానాకాలం, నల్లా నీళ్ళు పడుతుండగా ఫోను నడుములోంచి జారి డ్రమ్ములో పడింది. ఎండబెట్టాం, బియ్యంలో పెట్టాం, బతకలేదు. సిమ్ము తీసి అలాంటిదే కొత్త బటన్ల ఫోనులో వేస్తే కంపెనీ వాళ్ళ కస్టమర్ కేర్ నంబరు ఒక్కటే కనబడింది. అప్పటికే మా గల్లీ మూలింటి కోడలికి నెలలు నిండుతున్నాయి. రక్తం తక్కువుంది, ఇచ్చేవాళ్ళను చూసిపెట్టుకోండని డాక్టరమ్మ చెప్పి ఉంది. ఆ పిల్లకు సరిపోయే రక్తం ఇచ్చేవాళ్ళు ఇద్దరు అత్తమ్మకు తెలుసు. ఇద్దరి నంబర్లూ నీళ్ళల్లో పోయాయి.

"వాళ్ళే ఎప్పుడో చేస్తరు, ఆగరాదు అత్తమ్మా?" అన్నాను.

"వాళ్ళకు పనిబడితే వాళ్ళు చేస్తరు. మనకు పనిబడితే ఎట్ల? చెప్పులేస్కో, నడువు."

ముందు ఉస్మాన్‌గంజ్ మార్కెట్. పసుపు బస్తాల మధ్య ఆ ఇద్దరిలో ఒకడైన హమాలీ అన్నను వెతికి పట్టుకుంది. "ఫోన్ జేస్తె నేనే వస్తుంటి గదమ్మా" అన్నాడతను, బస్తా దింపి. "చేద్దామంటే నీ నంబరు మా డ్రమ్ముల మునిగింది" అంది. అతను నంబరు నోటితో చెప్పబోతే ఆపింది. "గట్ల గాదు. మిస్డ్ కాల్ ఇయ్యి. చెప్పెటోడు తప్పు జెప్పచ్చు, రాసెటోళ్ళు తప్పు రాయచ్చు. మోగింది తప్పుపోదు." అతను ఇచ్చాడు. నంబరు దాచేముందు ఫోను నా ముఖం ముందు పెట్టింది. "ఇప్పుడు ఏడ వెడుతున్నది? చదువు." చదివాను. "నీళ్ళల్ల వడ్డా సిమ్ము బతికింది గద. బతికినదాంట్లనే పెడ్త" అంది. దాచాక తిరిగి అతనికి చేసింది. అతని జేబులో మోగాకే అక్కణ్ణుంచి కదిలింది.

మధ్యాహ్నం బస్సెక్కి బార్కస్‌కు పోయాం. అక్కడ రెండోవాడు, లుంగీల దుకాణం భాయ్, ఆమెను చూసి గల్లా వదిలి లేచొచ్చాడు. "కైకు ఇత్తా దూర్ ఆయే అమ్మా?" అని, ఇంత దూరం ఎందుకొచ్చావని మందలిస్తూనే కుర్చీ వేశాడు. చాయ్ వచ్చింది, మిస్డ్ కాల్ వచ్చింది, తిరిగి చేయడం అయింది. ఇంటికొచ్చేసరికి నా కాళ్ళు పడిపోయాయి. ఆమె మాత్రం మర్నాడు పొద్దున్నే ఆటో అడ్డాకు బయల్దేరింది. ఆ వానాకాలమంతా అలాగే తిరిగింది. ఎవరెక్కడ కూర్చుంటారో, ఎన్ని గంటలకు దొరుకుతారో ఆమెకు తెలుసు. అన్నీ మళ్ళీ తెచ్చుకుంది.

మూలింటి కోడలికి కాన్పు కష్టమైంది. హమాలీ అన్న భుజాల మీద పసుపుతోనే దవాఖానకు పరుగెత్తుకొచ్చాడు. భాయ్ వెనకే వచ్చాడు. తల్లీ బిడ్డా బతికారు. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతూ రోజూ మా గేటును ఒక తన్ను తన్ని పోతుంది.

ఆమె పోయిన రోజు అదే ఫోనుతో అందరికీ చేశాను అన్నాను కదా. ఎత్తినవాళ్ళు హలో అనలేదు. "చెప్పమ్మా, ఏ దవాఖాన?" అన్నారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు. హమాలీ అన్నయితే, "వస్తున్న అమ్మా, ఏడికి?" అన్నాడు. మా ఇంటికే రమ్మని చెప్పాను. అప్పటిదాకా ఏడవని నేను ఆ ఫోను చెవికి పెట్టుకునే ఏడ్చాను.

దినాల నాటికి మా ఆయన, "ఇంక ఆ సిమ్ము ఎందుకు? రీచార్జి ఆపితే అదే పోతది" అన్నాడు. అలా పోయిన నంబరు ఇంకెవరికో ఇస్తారట. గల్లీలో ఏ పిల్లకో నొప్పులొచ్చి ఆ నంబరుకు చేస్తే, ఎత్తేవాడికి ఏం తెలుస్తుంది? నేను పోనివ్వనన్నాను. "నీకేమన్న వచ్చునా గా పని?" అన్నాడు. రాదు. బటన్లు నొక్కడం ఆమెకు మాత్రం పుట్టుకతో వచ్చిందా?

అన్నాలు తినడానికి వచ్చినవాళ్ళకు ఆ మాట చెప్పాను. ఆ నంబరు నడుస్తుంది, ఎత్తేది నేను అని. హమాలీ అన్న చేయి కడుక్కుని వచ్చి తన ఫోను తీశాడు. అత్తమ్మ ఫోటో ముందున్న ఫోను మోగింది. కట్ చేశాడు. ఏం చేయాలో నాకు తెలుసు. తిరిగి చేశాను. అతని చేతిలో మోగింది. తెర మీద ‘దవాఖాన అమ్మ’ అని వెలిగింది.

"పేరు మార్చుకుంటవా అన్నా?" అన్నాను.

"ఎందుకమ్మా? ఉండనియ్యి" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. అతని వెనక భాయ్ అప్పటికే జేబులోంచి తన ఫోను తీస్తున్నాడు.