కరక్కాయ నీళ్ళూ, మా ఆయన పరుగూ

నేనెప్పుడూ ఏదీ రాసి ఎరగను. అయిదో తరగతితో బడి మానేసేను. నలుగురిలో నోరు విప్పాలంటేనే నాకు సిగ్గు. కానీ మా ఆయనకి లేని పెద్దరోగం నేనెలా తెచ్చిపెట్టేనో చెప్పకపోతే ఉండబట్టేలా లేదు. మీరు నవ్వండి, పరవాలేదు. ఆ వేళ మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

జమీందారుగారి ఎస్టేటు పోయి అడవులు సర్కారువయ్యేయి. పాత గార్డుల్ని తీసుకుంటారట గానీ, కొరాపుట్ నుంచి సెమిలిగుడ దాకా పది మైళ్ళు పైనే పరిగెత్తి చూపించాలిట! మా ఆయనకి నలభై దాటేయి. పదేళ్ళుగా అడవి గేటు దగ్గర స్టూలు మీద కూచున్న మనిషి. ఈ ఉద్యోగం పోతే మాకింకో దారి లేదు.

నెల్లాళ్ళు టైమిచ్చేరు. తెల్లారగట్ల పరుగు, వచ్చేక చోడిపిండి అంబలి, పిక్కలకి నువ్వుల నూనె. ఊపిరి కుదిరింది. పాదాలే కుదర్లేదు. మూడోనాటికే అరికాళ్ళ నిండా బొబ్బలు!

సంతకెళ్ళే దారిలో తోళ్ళు నానేస్తారు. కరక్కాయ నీళ్ళలో పడితే ఎంత మెత్తటి తోలైనా చెప్పుకి పనికొచ్చేలా బిగుసుకుంటుంది. తోలే బిగుసుకుంటే కాలు బిగుసుకోదా! అంతే. ఇనప మూకుట్లో కరక్కాయలు సిరాలా నల్లగా దిగేదాకా ఉడికించి, రోజూ సాయంత్రం ఆయన పాదాలు ఆ నీళ్ళలో పెట్టించి, నా చేతుల్తో రుద్దేను.

"ఇదేటే, కాళ్ళు కాకిలా అయిపోతన్నాయి?"

"రంగుతో పనేటండీ, పరుగుతో గానీ!"

నా చేతులూ నల్లబడ్డాయి. పైట కింద దాచుకున్నాను. ఇరవై రోజులకి ఆయన ముల్లు తొక్కి కూడా చూసుకోలేదు. "ఏటీ తెలవడం లేదే!" అని ఒకటే సంబరం. బయల్దేరే ముందు నేనొక బుద్ధి కూడా చెప్పేను. "నొప్పన్నారంటే ముసలోడని తోసేస్తారు. ఆఫీసర్లు ఏటడిగినా లేదనే సెప్పండి."

మైదానంలో ఆడవాళ్ళం గోడవార నిలబడ్డాం. పరుగుకి ముందు డాక్టరుగారు వరసలో ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చేరు. మా ఆయన పాదాల దగ్గర ఆగిపోయేరు. గుండుసూది తీసి అరికాల్లో గుచ్చేరు.

"నొప్పా?"

"లేదండి!"

పాదం మీద గుచ్చేరు.

"లేదండి!"

చీలమండ మీద గుచ్చేరు. ఆయన ఇంకా ఛాతీ విరిచి, "ఎంత గుచ్చినా లేదండి!" అన్నారు.

డాక్టరుగారు ఒకడుగు వెనక్కేసి కాంపౌండరుతో ఏదో అన్నారు. కాంపౌండరు గట్టిగా అరిచేడు: "కుష్టులాగుంది, పక్కకి రావయ్యా! రేపు పెద్దాసుపత్రికి పంపుతారు."

ఆయనకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు జరిగిపోయేరు. మిగతావాళ్ళు పరిగెత్తి వెళ్ళిపోయేరు. కరక్కాయ అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. నల్లచేతులు పైట కింద ఇంకా లోపలికి తోసుకున్నాను. గోడవారే నిలబడిపోయేను.

ఇంటికొచ్చేసరికే కబురు వచ్చేసింది. మా అత్త గుమ్మంలోనే, "ఆడి కంచం ఏరే పెట్టు, కోడలా" అని కళ్ళు తుడుచుకుంది. ఆయన తన కంచం తనే వీధరుగు మీదికి తీసుకుపోయేరు.

"సూదితో పాదం మీద గుచ్చితే నొప్పెయ్యలేదా అండీ?"

"ప్రాణం పోయినంత పనైంది. నువ్వే కదే సెప్పొద్దన్నావు."

"పోనీ, ఇప్పుడెళ్ళి సెప్పండి."

"ఉజ్జోగం కోసం అబద్ధమాడతన్నాడంటారు. ఎవడు నమ్ముతాడే?" కంచంలో చెయ్యి పెట్టకుండానే లేచిపోయేరు.

మర్నాడు పొద్దున్నే ఇనప మూకుడు నెత్తిన పెట్టుకుని ఆ డాక్టరుగారి ఆసుపత్రికెళ్ళేను. వరండా నిండా జనం. కాంపౌండరు, "ఏటమ్మా, వంట ఇక్కడేనా?" అన్నాడు. అందరూ నా వైపు తిరిగేరు. డాక్టరుగారి బల్ల మీద మూకుడు పెట్టి, పైట కింద నుంచి రెండు నల్లచేతులూ బయటికి తీసేను.

"బాబూ, మా ఆయన రోగం నేనే వండేను. ఇందులోనే. నొప్పి లేదనమన్నదీ నేనే."

డాక్టరుగారు నవ్వలేదు. మూకుట్లో నలుపు గీకి చూసేరు. నా నల్లచెయ్యి తిప్పి పట్టుకుని మీదవైపు గుండుసూది గుచ్చేరు. వరండా చివరిదాకా వినపడేలా, "అయ్యబాబోయ్!" అని అరిచేను.

"ఈ నలుపు రోగం కాదన్నమాట" అని, మా ఆయన్ని తీసుకురమ్మని, మళ్ళీ చూసి రెండో జట్టులో పరిగెత్తిస్తామని చీటీ రాసిచ్చేరు. మా ఇంట్లో నొప్పి దాచుకోడం మా ఆయనకొక్కరికే చేతనయిందండీ. నాకు కాలేదు, అదే ఆయన్ని బతికించింది.