ఆపరేటర్ మామ కత్తిరించిన రీలు ముక్క

పోయిన శుక్రవారం పొద్దున మా ఆపరేటర్ మామ చనిపోయాడు. కళ్యాణదుర్గంలో నడివయసు దాటిన ఎవరిని అడిగినా ఆయన్ని గుర్తుపడతారు. సర్కారు ఆసుపత్రి వెనక సందులో ఒక రేకుల టాకీసు ఉండేది. అది మూతపడేదాకా అందులో బొమ్మ ఆడించింది ఆయనే. ఇప్పుడక్కడ ఎరువుల గోడౌను ఉంది. నేను ఆయన చుట్టాన్ని కాను. ఆయన సాయిబు, మేము కుందుర్పి రైతులం. అయినా యాభై దాటిన నన్ను నిన్నమొన్నటి దాకా ‘పాపా’ అని పిలిచింది ఆయన ఒక్కడే.

మా అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. చిన్నప్పుడే కీళ్ల జ్వరం వచ్చి దాని గుండె చెడింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. నెలనెలా ఇంజెక్షన్ కోసం అమ్మ మా ఇద్దరినీ బస్సులో కళ్యాణదుర్గం తీసుకొచ్చేది. సూది అయ్యాక మ్యాట్నీ చూపించాలి. అది అక్క పెట్టిన షరతు, సినిమా లేకపోతే సూది లేదు. “నీ మొండితనం మండిపోను” అని తిడుతూనే అమ్మ టికెట్లు తీసేది.

కొత్త సినిమా పెట్టె బస్సులో రాలేదంటే, టాకీసులోనే పడి ఉన్న ఒక పాత జానపద సినిమా వేసేవాళ్లు. మా బస్సుల సంగతి తెలిసిందే కదా, మేము ఎక్కువసార్లు చూసింది అదే. అందులో ఒక రాకుమారికి పేరు తెలియని జబ్బు. రోజురోజుకూ చిక్కిపోతూ ఉంటుంది. ఆమెను ప్రేమించిన కుమ్మరి కుర్రవాడు నడిచి నడిచి యమలోకం చేరి, యముడితో వాదించి ఒక తెల్ల పువ్వు తెస్తాడు. దాన్ని ఆమె చేతిలో పెడతాడు. అక్కడ బొమ్మ ఒక్కసారి ఎగిరేది. వెంటనే మబ్బుల్లో ఇద్దరూ ఆడుతూ పాడేవాళ్లు. రాకుమారి బతికిందని మేము చప్పట్లు కొట్టేవాళ్లం. ఫ్యాను గాలికని ఆసుపత్రి నుంచి వచ్చి కూర్చున్న రోగుల మనుషులు కూడా కొట్టేవాళ్లు.

మామ ఎప్పుడూ శెనక్కాయలు తింటూ ఉండేవాడు. పొట్టు యంత్రంలో పడుతుందని చొక్కా జేబులో వేసుకునేవాడు, సాయంత్రానికి ఆ జేబు ఉబ్బిపోయేది. ఆ టాకీసులో యంత్రం ఒక్కటే కావడంతో రీలు రీలుకూ ఆగేది. జనం ఈలలు వేస్తే కిటికీలోంచి తల బయటికి పెట్టి, “యముడే ఇంటర్వెల్ ఇస్తాడు, మీకేం తొందరప్పా? టీ తాగిపోండి” అనేవాడు. అక్క పడీపడీ నవ్వేది.

నాకు పద్నాలుగేళ్లప్పుడు అక్కను ఆసుపత్రిలో చేర్చారు. రెండో రోజు పొద్దున నా చెయ్యి పట్టుకుని, “ఈ పొద్దు ఈడే ఉండు మే. నీకొక మాట చెప్పాల” అంది. నాకు లెక్కల పరీక్ష ఉంది. “రాసొచ్చి వింటాలే. నీకేమవుతుంది? ఆ రాకుమారి లేయలేదా?” అన్నాను. అక్క నా మొహం వంకే చూసి, “సరే, పోయిరా” అంది. నేను వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. అక్క లేచి ఎక్కడికో వెళ్లిందనే అనుకున్నాను. అంత నమ్మకం నాకు.

ఆ తర్వాత అనంతపురం హాస్టల్లో ఉన్నప్పుడు అదే సినిమా టీవీలో వచ్చింది. పువ్వు చేతిలో పెట్టాక రాకుమారి నవ్వింది, నాలుగు మాటలు మాట్లాడింది, చనిపోయింది. మబ్బుల్లో పాట కుమ్మరివాడి కల. నా ఒళ్లంతా మండిపోయింది. మరునాడే బస్సెక్కి నేరుగా టాకీసులో మామ గదిలోకి వెళ్లాను.

“ఎందుకు కోసినావు మామా? ఆ పిల్ల చచ్చిపోతుందని తెలిసి ఉంటే నేను పరీక్షకు పోదునా?”

“నేనే కోసినా పాపా” అన్నాడు. మళ్లీ రీలు చుట్టుకోవడంలో పడ్డాడు. పదేళ్లు ఆయనతో మాట్లాడలేదు.

నేను ఇంగ్లీషు టీచరుగా కళ్యాణదుర్గం వచ్చాక ఒక రోజు తన భార్య, మా అత్త, రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని ఆయనే బడికి వచ్చాడు. “మాకు ఈ ఇంగ్లీషు రాదు. కోపం పక్కన పెట్టి చదువు, మళ్లీ పెట్టుకుందువు” అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ తర్వాత వాళ్లింట్లో ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా చదివింది నేనే.

ఈ వేసవిలో వచ్చిన రిపోర్టు ఆయనది. లివరంతా పాకిపోయింది. దాన్ని తెచ్చిన మామ కొడుకు నా ముందు చేతులు జోడించాడు. “మా నాయనకు చెప్పొద్దక్కా. గ్యాస్ అని చెప్పినాము. తెలిస్తే ఈ పొద్దే పోతాడు.” మా వైపు అందరూ చేసే పనే ఇది. ఊరంతటికీ తెలుస్తుంది, రోగికి తప్ప. నేనూ సరేనన్నాను.

మూడో రోజు మామ పిలిపించాడు. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జేబు ఖాళీగా వేలాడుతోంది.

“చదివినావంట కదా. ఏముండాది దాంట్లో?”

గ్యాస్ అనే మాట నా నాలుక దాకా వచ్చింది. అక్క పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. నా వల్ల కాలేదు. “క్యాన్సర్ మామా. రెండు మూడు నెలలంటున్నారు” అన్నాను.

ఆయన చెయ్యి ఖాళీ జేబులోకి పోయి వచ్చింది. “ఇంతే కదా! దీనికి పోయి మావోడు గ్యాస్ అంటాండాడు” అన్నాడు. నన్ను దగ్గరికి రమ్మని, “నువ్వు నిజం చెప్పినావు. నేనూ ఒకటి చెప్పాల. మీ అక్కకు తెలుసు పాపా” అన్నాడు.

“ఏం తెలుసు?” అన్నాను.

“మొదటిసారి వచ్చిన పొద్దు, ముందు బెంచీలో ఎగరొప్పుతా కూర్చుండె. ఆ పిల్లకు ఆ చావు ఎట్ల చూపించేది? ఆఖరు రీలు ఎక్కించకముందే కోసేసినా. మూడోసారికి కనిపెట్టేసింది. మీయమ్మ యాడనో శెనక్కాయలు కొంటాంటే, మెట్టు మెట్టుకూ నిలబడుకుంటా నా గదికి వచ్చి, ‘ఏం కోసినావు మామా?’ అనె. చూపించేదాకా కదల్లేదు. ముక్కను కిటికీ తట్టు పట్టుకొని అంతా చూసింది. ‘ఇట్లే ఉండనీ మామా. మా చెల్లెలు శానా భయస్తురాలు. దానికి నేనే చెప్తాలే’ అనింది.”

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అరిచాను. “చెప్తే పరీక్షకు పోయినందుకు నిన్ను నువ్వే తిట్టుకుంటావు. నన్ను తిట్టుకుంటే పోలేదా అనుకున్నా” అన్నాడు. ఆ గోడ దగ్గరే కూర్చుని ఏడ్చాను. ఆయన నన్ను ఆపలేదు.

కొడుకు వారం రోజులు నా మొహం చూడలేదు. మామ మాత్రం ఆటో మాట్లాడుకుని సోమందేపల్లె వెళ్లి, ఏళ్లుగా మాటల్లేని చెల్లెలి ఇంట్లో రెండు రోజులు ఉండి వచ్చాడు. అత్తకు ఏం కావాలో, తనను ఎక్కడ పూడ్చాలో కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. శుక్రవారం ఆ కొడుకే నాకు ఫోన్ చేసి, “అంతా మాట్లాడే పోయినాడక్కా” అని భోరుమన్నాడు.

మగవాళ్లు మట్టికి వెళ్లారు. ఆడవాళ్లం ఇంట్లో ఉన్నాం. అత్త ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. “నీకిమ్మన్నాడమ్మా.” లోపల చుట్టిన రీలు ముక్క ఉంది. వాకిలి దగ్గరికి వెళ్లి ఎండకు పట్టుకుని కొంచెం కొంచెంగా విప్పాను. గోరంత బొమ్మల్లో రాకుమారి, చేతిలో పువ్వు. కళ్లు తెరిచి ఉన్నాయి, తర్వాత సగం మూసి, తర్వాత పూర్తిగా మూసి. మళ్లీ మళ్లీ వెతికాను. ఏ బొమ్మ దగ్గర ప్రాణం పోయిందో కనిపెట్టలేకపోయాను.

“ఏముండాది దాంట్లో?” అని అత్త అడిగింది.

“మా అక్క చూసింది ఉండాది అత్తా” అన్నాను.

అత్త కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి, నేల మీద పడబోతున్న రీలు రెండో కొసను ఎత్తి ఎండకు పట్టుకుంది.