కట్ అన్నాక ఇంకో పట్టు

2023 ఫిబ్రవరి. ఖమ్మంలో నా పనిముట్ల దుకాణం. వెడల్పు ఎంతంటే, లోపల ఒక మనిషి నిలబడి ఉండగా రెండో మనిషి రావాలంటే మొదటివాడు ఊపిరి బిగబట్టాలి. ఊరంతా మిర్చి ఘాటు. ఆ నెలలో మా ఊళ్లో తుమ్మకుండా ఒక వాక్యం పూర్తి చేసినవాణ్ని నేను చూడలేదు. బేరం తెగే వేళకు ఇద్దరికీ కళ్లనీళ్లు కారుతుంటాయి. బయటి నుంచి చూసేవాళ్లకు అక్కడేదో చావు కబురు వచ్చినట్టుంటుంది.

నేను పానాలు, సాకెట్లు, జాకీలు, చైన్ పుల్లీలు అమ్ముతాను. ఈ వ్యాపారంలో నన్ను నిలువునా కుంగదీసిన వస్తువు ఒక్కటే, టార్క్ రెంచ్. ఏ బోల్టును ఎంత బలంతో బిగించాలో బండి తయారుచేసినవాళ్లు లెక్కగట్టి చెబుతారు. ఆ బిగువు పేరు టార్క్. దాన్ని కొలుస్తూ బిగించే పానా టార్క్ రెంచ్. పిడి చివర తిప్పి అంకె పెట్టుకుంటే, ఆ బిగువు రాగానే చేతిలో 'కట్' మంటుంది. ఇక చాలు అని దానర్థం. నా దుకాణంలోని సామానంతటిలో 'చాలు' అనే మాట తెలిసింది దానికొక్కదానికే. మా వైపు మనుషులకు కూడా ఆ మాట అంత బాగా తెలియదు. చుట్టం విస్తరి మీద అడ్డంగా పడుకున్నా, చెయ్యి పక్కకు జరిపి ఇంకో గరిటె వడ్డించే జిల్లా ఇది.

అందుకే ఆ రెంచ్ ఎవరూ కొనరు. ఎవరికి చూపించినా జబ్బ చరిచి, "ఇగో, దేవుడిచ్చిన టార్క్ రెంచ్" అంటారు. నేలకొండపల్లి నుంచి వచ్చిన ఒకాయన కొన్నాడు. మర్నాడే తెచ్చి బల్ల మీద పడేశాడు. "ఖాదర్ భాయ్, ఇది లోపల ఇరిగింది. గట్టిగ గుంజితె కట్ మంటున్నది." మధిర ఆసామి ఇంకా ఘనుడు. దాంతో ట్రాక్టర్ చక్రం నట్టు ఊడదీయాలని పిడి మీదెక్కి గంతులేశాడు. విప్పడానికి దాన్ని వాడకూడదని నేను చెప్పే సరికి, రెంచ్ నెలవంక ఆకారానికి వచ్చేసింది.

అలాంటి రోజుల్లో ప్రకాశం వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. భద్రాచలం దాటి అడవి అంచున ఉన్న ఊరు. పాత డీజిల్ జీపు నడుపుతాడు. మిర్చి సీజన్‌లో అవతలి అడవి ఊళ్ల నుంచి వచ్చే కూలీలను పొద్దున చేలకు చేర్చి, సాయంత్రం తిరిగి తెస్తాడు. ఆ రెండు నెలల రాబడే అతని ఇంటికి ఏడాది గ్రాసం. ఆ జీపు తప్ప అతనికి మరో ఆధారం లేదు.

"భాయ్, టార్క్ రెంచ్ ఉన్నదా? జర తక్కువల చూపియ్యి."

నేను కుర్చీలోంచి లేచాను. "నిజం చెప్పు తమ్మీ. నన్ను ఆటపట్టియ్యమని ఎవరు పంపిండ్రు?"

"ఎవ్వలు పంపలే భాయ్. హెడ్ గ్యాస్కెట్ పోయింది. మా కాడి మెకానిక్ సీజన్ అయినంక రమ్మంటున్నడు. సీజన్ అయినంక నాకు జీపెందుకు? నేనే బిగించుకుంట."

హెడ్ అంటే ఇంజిన్‌కు పైమూత. దానికీ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే పలుచటి పొర గ్యాస్కెట్. అది కాలితే నీళ్లు వెళ్లి ఆయిల్‌లో కలుస్తాయి. ప్రకాశం ఇంటి ముందు పందిరి కింద జీపు విప్పి, హెడ్‌ను లేత్ షాపులో చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ కూడా తెచ్చుకున్నాడు. ఇక బోల్టులు బిగించడమే మిగిలింది. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాడట. వాటిలో ఒకాయన, టార్క్ రెంచ్ లేకుండా హెడ్ ముట్టుకున్నవాడికి పుట్టగతులుండవని చెప్పాడట. ఎవరో గానీ, ఆ మహానుభావుడికి అక్కడే మనసులో సలాం కొట్టాను.

మూడు రకాలూ బల్ల మీద పరిచాను. ముల్లు రకం అన్నిటికన్నా చవక, ఓ పట్టాన చెడిపోదు. కానీ బిగించేటప్పుడు ముల్లును నిటారుగా చూస్తూ ఉండాలి. జీపు ఇంజిన్ సందులో అలా చూడాలంటే గుడ్లగూబ మెడ కావాలి. రెండోది బ్యాటరీది, దీపం వెలిగి కూత పెడుతుంది. దాని ధర వినగానే ప్రకాశం చేతులు వెనక్కి కట్టుకున్నాడు, తాకితే బిల్లు రాస్తానేమోనని. మూడోది కట్ మనే క్లిక్ టైప్. ఇంట్లో పని చేసుకునేవాడికి ధరలోనూ వాడకంలోనూ సరిపోయేది అదే.

"నీ బోల్టుకు ఎంత పెట్టాలె?"

ఫోన్‌లో మాన్యువల్ ఫొటో చూపించాడు. "పది కేజీ మీటర్లు."

"ఇది న్యూటన్ మీటర్ల పానా. నీ పది దీంట్ల దాదాపు తొంభై ఎనిమిది. నలభై నుంచి రెండు వందల పది దాక కొలుస్తది, అంటే నీది నడిమిట్ల పడుతది. ఏ పానా అయినా కింది కొసకు సరిగ్గ చెప్పదు. అందుకే బైకు ఆయిల్ ప్లగ్గుకు దీన్ని వాడకు, దానికి చిన్నది వేరే ఉంటది."

"అన్నిటికి ఒక్కటే సరిపోయేది లేదా భాయ్?"

"ఉన్నదని డబ్బా మీద రాస్తరు. అన్ని రోగాలకు ఒకటే గోలీ అమ్మేటోని కాడ నువ్వు మందు కొంటవా?"

పేరున్న సరుకు కొనే స్తోమత అతనికి లేదు. పేరులేని వాటిలోనే ఏరాను. నేను చూసేది ఒక్కటే. పానా చెప్పే అంకె నిజమేనని పరీక్షించి ఇచ్చే కాలిబ్రేషన్ కాగితం డబ్బాలో ఉండాలి, దాని మీది నంబరూ పానా మీది నంబరూ కలవాలి. రెండు డబ్బాల్లో కలవలేదు. మూడో దాంట్లో కలిసింది. బల్లకున్న వైస్ దవడల మధ్య ఒక బోల్టు బిగించి, పానా అతని చేతికిచ్చాను. కట్ మంది. ప్రకాశం కళ్లు మూసుకున్నాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ కట్. ఆ మొహంలో వెలుగు చూస్తే, పుట్టిన బిడ్డ మొదటి కేక విన్న తండ్రి కూడా కొంచెం తగ్గాల్సిందే. ఇంకాసేపు ఊరుకుంటే నా వైస్ అరిగి సూది అయ్యేది.

"బోల్టు మరలు శుభ్రంగ తుడువు. నడుమ బోల్టు నుంచి మొదలువెట్టి బయటికి పోవాలె. ఒక్కసారే కాదు, కొంచెం కొంచెం పెంచుకుంట అంకె కాడికి రావాలె. కట్ అన్నంక?"

"ఆపాలె."

"మనసు ఊకోక ఇంకొక్క పట్టు?"

"పట్టను భాయ్. ఏంది, బైబిల్ మీద ఒట్టు పెట్టిస్తవా?"

"బైబిల్ నీ ఇంట్ల ఉన్నది. ఇక్కడ పానా ఉన్నది, దీని మీదనే పెట్టు."

నవ్వుతూ చెయ్యి పెట్టాడు. అతన్ని భద్రాచలం బస్సెక్కించి వచ్చి, ఆ పూట బిర్యానీ తెప్పించుకున్నాను. తుమ్ముతూనే తిన్నాను. ఒక టార్క్ రెంచ్ సరైన మనిషి చేతికి చేరిందంటే, నా లెక్కలో అది ఈద్‌కు ఒక పిసరు మాత్రమే తక్కువ.

రెండు రోజులకు ఫోన్. "భాయ్, అన్ని బోల్టులు కట్ మన్నయి! బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది!" నేను ఆ మాట పక్క దుకాణం వాడికి చెప్పాను, టీ కొట్టు వాడికి చెప్పాను, దారిన పోతున్న కానిస్టేబుల్‌ను ఆపి మరీ చెప్పాను.

వారం తిరగకుండానే మళ్లీ ఫోన్. ఈసారి గొంతు వేరే మనిషిదేమో అనిపించింది.

"భాయ్... ఆయిల్ చాయ్ రంగుకొచ్చింది."

పాలు పోసిన చాయ్ రంగులో ఆయిల్ ఉందంటే అందులో నీళ్లు కలిశాయని. అడవి దారిలో, బండి నిండా కూలీలుండగా తెల్లటి పొగ కమ్మిందట. పొద్దెక్కక ముందే వీళ్లను చేనుకు చేర్చాలన్న తొందరలో ప్రకాశం ఆపలేదు. మిట్ట ఎక్కుతుంటే లోపల గట్టిగా కొట్టుకుని ఇంజిన్ పట్టేసింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కూలీలు దిగి, సద్ది మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయారు. మర్నాటి నుంచి వేరే బండి ఎక్కారు. వాళ్లను ఏమనగలం?

"కట్ అన్నంక ఆపినవా?"

"ఆపిన భాయ్."

"నీ తర్వాత ఎవరన్నా చెయ్యి పెట్టిండ్రా?"

ఫోన్ పట్టుకుని ఇంటికి దూరంగా నడిచినట్టున్నాడు, కోడి కూతలు దగ్గరయ్యాయి.

"మామ."

మామ అంటే అతని భార్య తండ్రి, యాకోబు. పడుచు వయసులో వెదురు లారీ డ్రైవర్. ఆ కాలంలో అడవిలో రోడ్డనేది ఒక వదంతి మాత్రమే. బండి అదురుకు బోల్టులన్నీ వదులయ్యేవి. బయల్దేరే ముందు బండి చుట్టూ తిరిగి, ప్రభువా అని ఒక్కో బోల్టుకు ఒక్కో పట్టు పట్టేవాడట. తోటి డ్రైవర్లు లోయల్లో పడ్డారు, ఆయన ఇల్లు చేరాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ పనైనా ఆయన చెయ్యి పడితేనే అయినట్టు. మంచం నులక అల్లినా చివరి ముడి ఆయనదే. పచ్చడి జాడీకి వాసెన కట్టినా చివరి బిగువు ఆయనదే. ఆ జాడీలు విప్పలేక కూతురు రెండేళ్ల కిందటి ఆవకాయ ఇప్పటికీ రుచి చూడలేదట. ప్రకాశానికి స్టీరింగ్ పట్టడం నేర్పిందీ ఆయనే.

"పైపు తెచ్చి తన పాత పానాకు తొడిగిండు భాయ్. కండ్లు మూసుకొని ప్రార్థన చేసిండు. వద్దు మామా, పానా చాలన్నది అన్న. చిన్నగ నవ్విండు. ఒక్క పట్టు పట్టిండు. బోల్టు తిరిగింది! 'చూసినవారా, ఇంకా తిరుగుతున్నది. నీ కట్‌గాడు అబద్ధం చెప్పిండు' అన్నడు. ఇంకింత తిప్పిండు."

నేను తల పట్టుకున్నాను. ఉక్కు బోల్టు బిగుస్తున్నప్పుడు కంటికి కనపడనంత సాగుతుంది, స్ప్రింగులాగా వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడే హెడ్‌ను అణిచి ఉంచేది. హద్దు దాటితే బెల్లంపాకంలా సాగిపోతుంది, తిప్పేవాడికి తేలిగ్గా తిరుగుతుంది, వెనక్కి గుంజడం మాత్రం మానేస్తుంది. అంటే బోల్టు చచ్చిపోతున్నప్పుడు, అది వదులుగా ఉందని యాకోబు అనుకున్నాడు. అంత బలంగా, అంత ప్రేమగా, ఒక్కటీ వదలకుండా అన్నిటినీ పట్టాడు.

"నువ్వు చెయ్యి పట్టుకోని ఆపకపోయినవా?"

"ప్రార్థన చేస్తున్న మనిషి చెయ్యి ఎట్ల పట్టుకుంట భాయ్?"

హెడ్ విప్పితే రెండు బోల్టులు బ్లాక్‌లోని మరల్ని వెంట పీక్కుని వచ్చాయి. లోపల పిస్టన్లు గీసుకుపోయాయి, అవి తిప్పే క్రాంక్ ఇరుసు పట్టేసింది. భద్రాచలంలో చూపించాడు. ఖమ్మంలో నేనే ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. అంతా బాగుచేయించే సరికి సీజన్ రెండుసార్లు దాటుతుందన్నారు. ఆ వయసు ఇంజిన్‌కు అంత పని దండగని కూడా అన్నారు. చివరికి జీపును ముక్కల లెక్కన అమ్మేశాడు.

మార్చి చివర్లో ప్రకాశం మళ్లీ వచ్చాడు, వెనకాలే యాకోబు. తెల్ల చొక్కా గొంతు దాకా గుండీలు పెట్టుకున్న ముసలాయన. చేతులు మాత్రం ఇంకా లారీ డ్రైవర్‌వే, ఒక్కో వేలూ టైరు ఊడదీసే ఒక్కో ఇనుప కడ్డీ. జేబులోంచి గుడ్డ తీసి, మడతలు విప్పి, ఒక బోల్టు నా బల్ల మీద పెట్టాడు. నడుమ సన్నబడి, సగం చప్పరించిన చాక్లెట్‌లా ఉంది.

"బిడ్డా, నువ్వు పనిముట్లు ఎరిగినోనివి. నేను ఎన్ని లారీలు బిగించిన్నో నాకే యాదికి లేదు. ఏ బోల్టు గిట్ల కాలె. సూడు. ఇది నాసిరకమా?"

ఆ 'నాసిరకమా' అనే మాట దగ్గర బోల్టును నా వైపు ఇంకాస్త జరిపాడు. ఆయన అడుగుతున్నది బోల్టు గురించి కాదని, ఆ సందులో ఊపిరి బిగబట్టి నిలబడ్డ ముగ్గురికీ తెలుసు. నేను నోరు తెరిచాను. నా వెనక గోడకు టార్క్ పట్టిక వేలాడుతోంది. బల్ల మీద రుజువు ఉంది. నేను ఒక్క వాక్యం చెబితే చాలు.

ప్రకాశం నా కళ్లలోకి చూసి, నాకన్నా ముందే అన్నాడు. "అవ్ మామా. బోల్టే నాసిరకం. భాయ్ నాకు ముందుగాలనే చెప్పిండు."

నేనేం చెప్పలేదు. అసలు నా దుకాణంలో బోల్టులే అమ్మను.

"అవ్ పెద్దయ్యా," అన్నాను. "మైనం లెక్క సాగే సరుకు."

ముసలాయన భుజాలు కిందికి దిగాయి. మరుక్షణం మళ్లీ పైకి లేచాయి.

"గట్లాంటివి ఎట్ల అమ్ముతవు బిడ్డా? నలుగురు కూసునే బండి! అడవిల ప్రాణాలు పోతే ఎవలు జవాబు చెప్పాలె? మీ నాయిన ఉంటే గిట్ల చేసేటోడా?"

ఇద్దరు కొనుగోలుదారులు గుమ్మంలోనే ఆగిపోయారు. అదే నిమిషంలో వాళ్లు నా దుకాణాన్ని జన్మలో మర్చిపోకూడని మోసగాళ్ల జాబితాలో చేర్చుకున్నారని వాళ్ల మొహాలే చెప్పాయి. నేను తల వంచుకున్నాను. "తప్పయింది పెద్దయ్యా. ఇగ తేను."

చాయ్ తెప్పించాను. ఆయన నన్ను క్షమించి తాగాడు. వెళ్తూ వెళ్తూ సాకెట్లు పేర్చిన ఇనుప అల్మారా దగ్గర ఆగి, ఊపి చూశాడు. "వదులున్నది. నీ మీద పడుతది" అంటూ నా సామాన్లోంచే ఒక పానా తీసుకున్నాడు. కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. ఒక్క పట్టు పట్టాడు. అల్మారా కిర్రుమంది. పదిమందికీ టార్క్ గురించి ఉపన్యాసాలిచ్చే నేను రెండు చేతులూ కట్టుకుని, "షుక్రియా పెద్దయ్యా" అన్నాను.

ప్రార్థన చేస్తున్న మనిషి చెయ్యి ఎట్ల పట్టుకుంట అని ప్రకాశం ఆ పొద్దు ఫోన్‌లో అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు అతను వేరేవాళ్ల బండికి రోజు కూలీ మీద డ్రైవర్. అవే చేలు, అవే కూలీలు. ఊళ్లో ఎవరి బండి విప్పినా చివరి పట్టుకు యాకోబునే పిలుస్తున్నారట. ఆయన పట్టు పట్టి, గట్టి బోల్టులు కొనుక్కోండి అని సలహా కూడా ఇస్తున్నాడట. ఆ సలహాకు సగం కారణం నేనే.

ఈ కేసు నాకు నేర్పింది ఇంతే. టార్క్ రెంచ్ కొనడానికి ఎవరొచ్చినా రేంజ్, ధర, కాగితం తర్వాతి మాట. ముందు, "నీ తర్వాత చెయ్యి పెట్టేటోళ్లు ఇంట్ల ఎవరు? వాళ్లను తోలుకొని రా, ఇద్దరికి చెప్త" అంటాను. అందరూ నవ్వుతారు. "మా నాయిన పెట్టే చెయ్యిని ఆపేది ఎవరు భాయ్?" అంటారు. ఇప్పటిదాకా ఒక్కడూ తోలుకొని రాలేదు.